పది పైసల చవక బియ్యం

"ఉచితాలకు జనం అమ్ముడుపోతున్నారు" అంటారు మీరు. అదే నిజమైతే 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ గెలిచి ఉండాలి. కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానని తెలుగుదేశం నాయకుడు ఎన్టీ రామారావు ఊరూరా చెబుతుంటే, కోట్ల విజయభాస్కర రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలకు ముందే రూపాయి తొంభై పైసల బియ్యం తెచ్చింది. ధర పది పైసలు తక్కువ, పైగా అది వట్టి వాగ్దానం కాదు. అయినా 294 స్థానాల్లో రెండు వందలకు పైగా తెలుగుదేశానికి దక్కాయి, కాంగ్రెస్‌కు 60 మిగిలాయి. ఓటు బేరమే అయితే జనం చవక సరుకును కాదంటారా? అయిదేళ్లు నిండకుండానే ఢిల్లీ నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది. వాళ్లలో ఒకరైన అంజయ్యకు బేగంపేట విమానాశ్రయంలో జరిగిన అవమానాన్ని జనం మరిచిపోలేదు. రామారావు బియ్యంతో పాటు ఆత్మగౌరవం మాట ఎత్తారు. పేదవాడు పథకాన్ని తనకు రావలసిన బాకీగా పుచ్చుకుంటాడు. ఓటు వేసేటప్పుడు పాలకులు తనను ఎలా చూశారో కూడా లెక్క వేసుకుంటాడు. నేను చెప్పేది ఇదే.

"1994లో తెలుగుదేశాన్ని గెలిపించింది మళ్లీ రెండు రూపాయల బియ్యమే కదా" అని మీరు అడ్డు రావచ్చు. బియ్యం పాత్రను నేను కాదనను. మధ్యలో ధర పెరిగింది. తీసేసుకున్నదాన్ని తిరిగి అడగడం అమ్ముడుపోవడం ఎలా అవుతుంది? మీ రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ ఇస్తామన్నవాళ్లే గెలిచారు, కనుక ఇది వేలంపాట. కానీ ఖాతాల్లో నేరుగా డబ్బు వేసిన ప్రభుత్వం 151 స్థానాల నుంచి 11కు పడిపోవడానికి ఆ ఒక్క లెక్క చాలదు. భూహక్కుల చట్టం మీద భయం, పట్టాదారు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, రాజధాని, ఉద్యోగాలు, ఇవన్నీ ప్రచారంలో మారుమోగాయి. అంతగా ఓడిన పార్టీకీ సుమారు 39 శాతం ఓట్లు పడ్డాయి. వాళ్లను మూర్ఖులనడం కూడా అన్యాయమే. తెలంగాణలో రైతుబంధు పథకం అమల్లో ఉండగానే 2023లో అధికార పక్షం 88 నుంచి 39కి దిగింది. అప్పుల భారం నిజమే, దాన్ని ఓటరు ముందు పెట్టి వాదించాలి. ఓటరును తిట్టి లాభం లేదు.

మళ్లీ బియ్యం దగ్గరికే వస్తే, 1989లో కూడా కిలో రెండు రూపాయలే. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం అధికారం పోగొట్టుకుంది, రామారావు స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు.