మజ్జిగలో కలిపిన మాత్ర



ప్రేమచేత చేసిన మోసము మోసమగునా, కాదా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురు కాలేదు. వేంపల్లెలో మా యింటి అరుగుమీద కూర్చుండి ఒక తల్లి అడిగినది.

ఆమెది పాపాఘ్ని ఒడ్డునున్న ఒక పల్లె. కుమారునికి ఇరువదియారేండ్లు. ఎవరును లేనిచోట మాటలు వినబడుచున్నవనియు, ఇరుగుపొరుగువారు తన్ను చంపజూచుచున్నారనియు చెప్పుచు, రాత్రులు నిద్రలేక తిరుగువాడు. కడపలో వైద్యునికి చూపగా మాత్రలు వ్రాసియిచ్చిరి. రెండు వారములు మింగి, తరువాత పారవేసెను.

"పొడి జేసి మజ్జిగలో కలిపి తాపుతాండా, నర్సమ్మా. వానికి తెలీదు. రెండు నెలలాయె. నిద్రపోతాండాడు, నిమ్మతోటకు పనికి పోతాండాడు. ఇది పాపమంటావా?" అని ఆమె అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా ఆ పని నేనును చేసినదానను.

నేను నర్సుగా పని నేర్చిన తొలి యేండ్లలో, ఒక ఆసుపత్రి మానసిక రోగుల వార్డులో ఒక సహోదరి యుండెను. తన అన్నములో విషము పెట్టుచున్నారని ఆమె భయము. మాత్ర చేతికిచ్చిన మింగదు. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తమునకు నేనొక్కతెనే. బ్రతిమాలుటకు తీరిక లేక, మాత్ర నూరి ఆమె ఉప్మాలో కలిపితిని. రెండవ ముద్దలోనే చేదు తగిలెను. ఆమె అరవలేదు, కొట్టలేదు. పళ్లెము ప్రక్కకు జరిపి నా ముఖము చూచెను. నాలుగు దినములు ఎవరి చేతి అన్నమును ముట్టలేదు. కుళాయి నీళ్లు మాత్రమే త్రాగెను. అందరును నిన్ను మోసగించుచున్నారని రోగము ఆమెతో చెప్పుచుండెను. ఆ రోగము పక్షమున సాక్షినై నిలిచినది నేను.

మార్కు సువార్త 5వ అధ్యాయములో, సమాధులలో తిరుగు మనుష్యుని సంగతి మనమెరుగుదుము. ఊరివారు అతనికి చేసిన వైద్యమంతయు సంకెళ్లే. ప్రభువు అతని పేరడిగెను. అంతవరకు అందరును అతనిగూర్చి మాటలాడిరి గాని అతనితో మాటలాడినవారు లేరు. చివరకు ఆ మనుష్యుడు బట్టలు ధరించి నెమ్మదిగా కూర్చుండి యుండుట జనులు చూచిరి. ఆ బట్టలు ఎవరిచ్చిరో సువార్తికుడు వ్రాయలేదు. ఎవరో ఒకరు ఇచ్చియుందురు. ఆ పేరులేని సేవయే మా నర్సుల సేవ యని నేను తలంచుదును. యెరికో త్రోవలోని గ్రుడ్డివానిని, బేతెస్ద కోనేటియొద్ద 38 యేండ్లుగా పడియున్న రోగిని సహితము ప్రభువు మొదట వారి కోరిక యేమని అడిగెను. ఆయనకు తెలియక అడుగలేదు. అడుగుటయే గౌరవము గనుక అడిగెను.

ఈ గౌరవమును నేర్చుకొనుటకు లోకమునకు చాలకాలము పట్టెను. 1790లో ఇంగ్లండులోని యార్కు పట్టణపు పిచ్చాసుపత్రిలో ఒక క్వేకరు స్త్రీ మరణించెను; చూడవచ్చిన మిత్రులను లోపలికి రానియ్యలేదు. ఆ దుఃఖమునుండి టీ వ్యాపారియైన విలియం ట్యూక్ మొదలగు క్వేకర్లు 1796లో 'రిట్రీట్' అను ఆశ్రయమును తెరచిరి. అచ్చట గొలుసులు విడిచి, రోగులను ఇంటివారివలె ఆదరించిరి. మన పొరుగుననున్న తమిళనాడులో, ఏర్వాడి యందు, 2001 ఆగస్టు 6న రోగులనుంచిన యొక ప్రైవేటు పాకకు నిప్పంటుకొనెను. గొలుసులతో కట్టబడినవారు పరుగెత్తలేకపోయిరి. 28 మంది మరణించిరి. వారిని అచ్చట విడిచినవారిలో అనేకులు విసిగిన బంధువులేగాని శత్రువులు కారు. ప్రేమ అలసినప్పుడు ఎంతకు ఒప్పుకొనునో తలంచి భయపడుదము.

మన దేశమున 1912 నాటి లూనసీ చట్టము పోయి 1987 నాటి చట్టము, అదియు పోయి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వచ్చెను. ఇది 2018లో అమలులోనికి వచ్చినది. రోగిని ఏ విధముగానైనను గొలుసులతో బంధించుట నిషేధమని ఇది చెప్పుచున్నది. బలవంతముగా తల గొరుగరాదు. తన బట్టలు తాను కట్టుకొనగోరినవానికి ఆసుపత్రి బట్టలు తొడుగరాదు. తక్షణ హానిని ఆపుటకు వేరొక మార్గము లేనప్పుడే, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపు మాత్రమే రోగిని కదలకుండ పట్టియుంచవచ్చును. శిక్షగా అట్లు చేయరాదు. పనివారు చాలరను కారణమునను చేయరాదు. ఈ కడపటి మాట చదివినప్పుడు ఆ రాత్రి డ్యూటీ నాకు జ్ఞాపకము వచ్చెను.

మరియొక మాటయు ఆ చట్టమునందు గలదు. ఒకని నిర్ణయము మనకు తప్పుగా తోచినంతమాత్రమున, నిర్ణయించు శక్తి అతనికి లేదనరాదు.

"అయితే వాడు వద్దన్న యెడల ఊరకుండవలెనా? వీధిలో పడి చావనియ్యవలెనా?" అని మీరడుగుదురు. వద్దు. ప్రాణాపాయమో తీవ్రమైన హానియో కలుగనున్న యెడల, ఏ రిజిస్టరైన వైద్యుడైనను 72 గంటలవరకు అత్యవసర చికిత్స చేయుటకు చట్టము సెలవిచ్చుచున్నది. నిర్ణయించు శక్తి సన్నగిలినవానిని అతని ప్రతినిధి కోరికపై ఆసుపత్రిలో చేర్చుకొను మార్గమును గలదు. అది బలవంతమే. కాని పగటి వెలుగులో జరుగు బలవంతము. కాగితముమీద వ్రాయబడును, ఫిర్యాదుకు తావిచ్చును, గడువు తీరగానే ముగియును. మజ్జిగలోని మాత్రకు గడువు లేదు. అది ఎవరికిని లెక్క చెప్పదు.

దానివలన శరీరమునకును కీడు గలదు. మాత్ర మింగుచున్నానని తెలియనివాడు, దానివలన చేతులు వణకినను, నోరెండినను, ఒళ్లు బిగిసినను, కారణము వైద్యునికి చెప్పలేడు. కొన్ని మాత్రలు నూరదగినవి కావు. ఒకపూట ఊరికి పోయి మజ్జిగ త్రాగని యెడల మందు తప్పును. మందుచేత కుదుటపడినానని అతడు ఎన్నటికిని నేర్చుకొనడు.

ఆ తల్లితో నేనిట్లంటిని: "అక్కా, మందు తటాలున ఆపవద్దు. మొదట కడపకు పోయి డాక్టరుతో ఉన్నదున్నట్లు చెప్పు. ఆయన సలహామీద నీ కొడుకుతో నిజము చెప్పు. చెప్పి, ఎందుకు వద్దన్నావు నాయనా అని అడుగు. అడిగి, వాడు చెప్పినంతసేపు విను." మానసిక రోగుల నర్సింగుకు తల్లివంటి దని పేరొందిన హిల్డెగార్డ్ పెప్లా 1952లో వెలువరించిన గ్రంథమునందు నర్సుకును రోగికిని నడుమ ఏర్పడు సంబంధమే చికిత్సకు మూలమని బోధించెను. మందు పనిచేయును, అయినను అది నమ్మికగల చేతినుండి రావలెను.

ఆమె నిజము చెప్పినది. కుమారుడు మిక్కిలి కోపపడి రెండు దినములు తల్లితో మాటలాడలేదు. ఆమె నాయొద్దకు వచ్చి, "నీ మాట విని చెడిపోతిని" అని యేడ్చినది. నేనును భయపడితిని. మూడవ దినమున అతడు నోరు తెరచెను. ఆ మాత్రవలన చేతులు వణకి నిమ్మకాయలు జారిపోవుచుండగా తోటి కూలీలు నవ్విరట. అందుకు పారవేసెనట. వైద్యుడు మందు మార్చెను. కొన్ని దినములు తానే అడిగి మింగును, కొన్ని దినములు తల్లితో వాదించును. అయితే ఇప్పుడు మజ్జిగను మజ్జిగగానే త్రాగుచున్నాడు. వారిద్దరి సెలవుతోనే, గుర్తులు మార్చి ఈ సంగతి వ్రాయుచున్నాను. రోగి రహస్యము కాపాడుటయు చట్టప్రకారము మా విధియే.

సంఘములోని పెద్దలారా, మీకొక మనవి. ఇట్టివారిని సభ ముందర నిలువబెట్టి వారి రోగమును అందరికి వినిపించి ప్రార్థించకుడి. మందు మానుమని చెప్పకుడి. ప్రార్థించుడి, బస్సు చార్జీ యిచ్చి వైద్యునియొద్దకు పంపుడి, అలసిన తల్లి ఒక రాత్రి నిద్రించునట్లు ఆ యింట కాచుకొని యుండుడి. 1957లో స్థాపింపబడిన వెల్లూరు మిషను ఆసుపత్రి మానసిక ఆరోగ్య కేంద్రములో, ఇంటివారు రోగితో కూడ ఉండి సేవ నేర్చుకొందురు. దూరము పోలేనివారు 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసిన, తెలుగులోనే ఉచితముగా సలహా దొరకును.

చదువరీ, నీ యింటను అట్టివారుందురేమో. రేపు అన్నము వడ్డించునప్పుడు అతని ముఖము తేరిచూచి, పేరుపెట్టి పిలువుము. నీకేమి కావలెనని అడుగుము. జవాబు ఆలస్యమైనను నిలిచి వినుము. మనలనందరిని అట్లే నిలిచి వినుచున్న ప్రభువు నీకు ఓర్పు దయచేయును గాక.