‘అట’ లేని మాట

తెలుగున ‘అట’ యను చిన్నపదమొకటి కలదు. ‘కాలువకు గండి పడినది’ యనుట వేరు. ‘గండి పడినదట’ యనుట వేరు. మొదటి మాటకు చెప్పువాడే సాక్షి. రెండవదానిలో ‘నేను చూడలేదు, విన్నాను’ అను సత్యము ఎవరును అడుగకుండనే వెలువడుచున్నది. బడి గడప త్రొక్కని ముసలమ్మ సైతము ఈ భేదమును పాటించును.

నేడు సెల్‌ఫోనులో వచ్చిన వార్తను ఉన్నదున్నట్లు వేరొకరికి పంపునప్పుడు ఈ రెండక్షరములే జారిపోవుచున్నవి. వార్తలో అక్షరము మారదు. కాని వినికిడి కాస్తా సాక్ష్యమై కూర్చుండును. ఇట్లు పంపబడిన సందేశమునకు వాట్సాపు 2018లో ఒక గుర్తు తగిలించినది. అది యంత్రము వేసిన ముద్రయే గాని మనిషి చెప్పిన మాట కాదు.

ఆకాశరామన్న ఉత్తరమును సంతకము లేదను కారణముచేతనే మన పెద్దలు శంకించెడివారు. ఈ వార్తలకును కర్త తెలియడు. కాని పైన మేనమామగారి పేరో, వదినగారి ఛాయాచిత్రమో కనబడును. అందుచేత శంక పుట్టదు.

న్యాయశాస్త్రము ఆప్తవాక్యమును ప్రమాణముగా నంగీకరించినది. ఆప్తుడనగా విషయమును స్వయముగా నెరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పగోరువాడని వాత్స్యాయనుడు వివరించెను. ఋషికిని, మ్లేచ్ఛునికిని ఈ లక్షణము సమానమేయని కూడ నాతడు చెప్పెను. తెలుగు వాడుకలోనో, ఆప్తుడనగా దగ్గరి చుట్టము, ప్రాణస్నేహితుడు. ఈ రెండర్థముల నడుమనే మనము మోసపోవుచున్నాము. మనకు ఆప్తుడైనవాడు ఆ విషయమునకు ఆప్తుడు కానక్కరలేదు.

అంతేకాదు. చుట్టముల గ్రూపు చాలవరకు కులపు గ్రూపే యగును. ఒక కులపు మాట ఆ కులపు చెవులలోనే మారుమ్రోగుచుండ, కాదనువాడు అందుండడు. మా కోనసీమ దీని ఫలమును చూచినది. జిల్లాకు అంబేడ్కరుగారి పేరు చేర్చుటను నిరసించుచు 2022 మే 24న అమలాపురమున గుమిగూడిన జనము హింసకు దిగి, మంత్రిగారి యింటికిని, శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. జనమును కూడగట్టుటలో వాట్సాపు గ్రూపుల పాత్ర కలదని పోలీసులు ప్రకటించిరి. పిమ్మట దినముల తరబడి జిల్లాలో ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. పంపినవారితోబాటు పంపనివారును మూగలైరి. ఇంటినుండి కొలువు చేయువారికి పని లేదు; కువైటులో నున్న తల్లి మొగము చూచుటకు బిడ్డకు వీలు లేదు. అంబేడ్కరుగారి పేరు మాత్రము జిల్లాకు నిలిచినది. అది మాకు గౌరవమే.

‘అట్లైన నోరు మూసికొని యుండుటయే మేలా?’ యని కొందరడుగవచ్చును. కాదు. మా మామిడికుదురు మండలమందలి నగరము గ్రామమున 2014 జూన్ 27న తెల్లవారుజామున గ్యాసు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇట్టి నేలపై నివసించువారికి సకాలమున అందిన హెచ్చరిక ప్రాణదానము. అందుచేతనే అబద్ధపు హెచ్చరిక మరింత పాపము. నాలుగుమారులు వట్టిదైన కేక విన్నవాడు ఐదవమారు నిజమైన కేకకు లేవడు. గ్యాసు వాసన తగిలినవాడు తన పేరు, స్థలము, వేళ చెప్పి పంపవలెను. వినినవాడు ఎవరివలన వింటినో చెప్పి పంపవలెను. ఇందుకు పట్టు కాలము అరనిమిషము.

సామాజిక మాధ్యమములో పరుల మాటను పంపినవాడును దాని ఫలితమునకు బాధ్యుడేయని మద్రాసు హైకోర్టు 2023 జూలైలో తీర్పు చెప్పినది. కాని గృహములలో న్యాయస్థానము లేదు; పిల్లలున్నారు. తండ్రి చూడనిదానిని చూచినట్లు పంపుచుండ ప్రక్కన కూర్చుండి కనిపెట్టుచున్న బాలునికి సత్యమును గూర్చి మేము బడిలో చెప్పు పాఠమేమి పనికివచ్చును?

కావున సందేశమును పంపబోవునప్పుడు ‘అట’ యని చివర చేర్చి, చెప్పినవారి పేరు వ్రాయుడు. ఆ పేరు తెలియనిచో పంపకుడు.