బేరమాడింది నేనే

బేరమాడటంలో నాకు మా వీధిలో కాస్త పేరుంది. చీరలవాడొచ్చినా, స్టీలు సామాన్లవాడొచ్చినా చుట్టుపక్కలవాళ్ళు నన్ను పిలవకుండా బేరం మొదలెట్టరు. చెప్పిన ధరలో సగానికి అడగడం, కాదంటే లేచి నాలుగడుగులు వెయ్యడం, వాడు పిలిచేదాకా వెనక్కి తిరక్కపోవడం, ఇదంతా ఒక విద్య. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఆ విద్యవల్ల నాకు ఒక రాత్రి నిద్ర పట్టకుండా పోతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మావారి కారు సంగతి చెప్పాలి.

మావారికి పాత కార్ల పిచ్చి. పిచ్చి అంటే ఆయన ఒప్పుకోరు, అభిరుచి అంటారు. అదే నాకు చీరల మీద ఉంటే మాత్రం అభిరుచి కాదు, పిచ్చే. సరే, అది వేరే తగువు.

మా ఇంట్లో ఉన్నది 1957 నాటి ఫియట్ 1100. ఇటలీవాళ్ళ నమూనా, తయారయింది మాత్రం బొంబాయి కుర్లాలో, ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి ఫ్యాక్టరీలో. తర్వాత మనందరం ఎరిగిన ప్రీమియర్ పద్మిని దీనికి చెల్లెలి వరస. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు తలుపులు మామూలు కార్లకి మల్లే కాక వెనక్కి తెరుచుకుంటాయి. దానివల్ల చీర కట్టుకున్నవాళ్ళు పీట మీద కూర్చున్నంత సులువుగా కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు లోపల పెట్టుకోవచ్చు. ఈ ఒక్క సుఖం ఇప్పటి కార్లలో లేదు. వెనకనుంచి చూస్తే బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. బొంబాయిలో దీనికి 'డుక్కర్ ఫియట్' అని ముద్దుపేరట. మరాఠీలో డుక్కర్ అంటే పంది. ఆ ముక్క మావారి ఎదుట అనకండి. బొంబాయి రోడ్లమీద చివరి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో ఆగిపోయాయని పేపర్లో చదివి, ఆ పూట ఆయన సరిగ్గా అన్నమే తినలేదు.

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో కారుకే తలంటు. నా పాత చీరలన్నీ ఇంజను గుడ్డలయిపోయాయి. పప్పు కడుక్కునే బేసిను ఒకటి కార్బ్యురేటరు కడగడానికి వెళ్ళి మళ్ళీ వంటింటి మొహం చూడలేదు. మేము షికారుకని వెళ్ళినచోట్లన్నీ, ఉండవల్లి గుహలయితేనేం, కొండపల్లి అయితేనేం, బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రమయితేనేం, నాకు చూసిన వాటికంటే దారిలో ఆగినవే ఎక్కువ గుర్తు. వేసవిలో ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుందట. పంపు ఆవిరిని పీల్చలేక చతికిలబడుతుంది. అప్పుడు తుండుగుడ్డ తడిపి పంపు మీద వేసి పావుగంట కూర్చోవాలి. జ్వరం వచ్చిన పిల్లకి నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టే. అందుకని మా ప్రయాణాల్లో పులిహోర డబ్బా మర్చిపోయినా ఫరవాలేదు గాని, తుండుగుడ్డ మర్చిపోకూడదు.

ఇక అసలు సంగతి. 2014లో, అంబాసిడర్ కార్ల తయారీ ఆగిపోయిన ఆ యేడే, తెనాలిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. అక్కడెవరో మాటల సందర్భంలో ఒక ప్లీడరుగారి పెరట్లో పాత కారు పడి ఉందన్నారు. ఆ మాట చెవిన పడ్డాక మావారికి పెళ్ళిభోజనం సయించలేదు. నన్ను లేవదీసుకుని అక్కడికి తీసుకెళ్ళారు.

ప్లీడరుగారు పోయి చాలా ఏళ్ళయింది. భార్య ఉంది. ఆ వీధిలో అందరికీ ఆవిడ మామ్మగారే. కారు పశువుల కొట్టంలో ఉంది. దానిమీద పిడకలు పేర్చారు. వెనక సీటులో పిల్లి పిల్లల్ని పెట్టింది. మావారు పిడకలు పక్కకి తీసి, జేబురుమాలుతో ముందువైపు మట్టి తుడిచి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలుగు లేదు. నేను చటుక్కున ఆయన కాలు తొక్కాను. కొనేవాడి ముఖంలో ఇష్టం కనబడితే బేరం చెడుతుంది. విద్యలో మొదటి పాఠం అదే.

మామ్మగారు మాకు కాఫీ ఇచ్చి, "నలభై వేలు ఇప్పించండి బాబూ" అన్నారు. మావారు సరేననబోయారు. నేను అందుకున్నాను. "కాటా వేస్తే పదిహేను వేలు కూడా రాదండీ మామ్మగారూ. అంతా తుప్పే. మోసుకుపోవడానికి లారీ ఖర్చు కూడా మాదే" అన్నాను. అందులో ఒక్కమాటా అబద్ధం కాదు, గమనించండి. ఆవిడ ముప్పై అయిదన్నారు, ముప్పై అన్నారు. నేను గుమ్మందాకా నడిచి వచ్చాను. చివరికి ఇరవై ఆరుకి ఖాయమయింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా మావారు, "నువ్వు లేకపోతే నేనేమయిపోయేవాణ్ణి!" అంటూనే ఉన్నారు. పొగడ్త ఎవరికి చేదు?

తర్వాత నాలుగేళ్ళు విజయవాడ ఆటోనగర్లో మావారు కట్టిన మొక్కులు నేను చెప్పలేను. ఇంజను బోరింగు, పిస్టన్లు, నేల రేకంతా కోసి కొత్త రేకు అతకడం, బ్రేకులు, రబ్బరు బీడింగులు, రంగు. కొన్ని సామాన్లు పద్మినివి సరిపోయాయి. సరిపోనివి బొంబాయినుంచి వచ్చాయి. సీటు విప్పినప్పుడు దాని అడుగున రెండు జడపిన్నులూ, ఒక నయాపైసా దొరికాయి. మావారు బ్యాంకు మనిషి గనుక ప్రతి పైసా పుస్తకంలో రాశారు. మొత్తం మూడు లక్షల పదకొండు వేలు. ఆయన ఆదివారాలు లెక్కలో లేవు. నావీ లేవు.

రెండేళ్ళ కిందట గుంటూరులో పెళ్ళికి ఆ కారులోనే వెళ్ళాం. పాత కార్లు సేకరించే హైదరాబాదు ఆసామి ఒకాయన దానిచుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, ఆరు లక్షలిస్తానన్నాడు. మావారు నవ్వి ఊరుకున్నారు. అమ్మే ప్రశ్నే లేదు. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో ప్రభుత్వం వింటేజ్ రిజిస్ట్రేషను పెట్టింది. ఆ ముద్ర వేయించుకుంటే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తప్ప మామూలు తిరుగుడుకి వాడకూడదని, అదే వద్దనుకున్న మనిషి ఆయన. అయిదేళ్ళకోసారి మామూలుగానే ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్ళి, పరీక్షకి పిల్లని పంపిన తండ్రిలా బయట నిలబడతారు.

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు. నాకే పట్టలేదు. ఆరు లక్షలన్న మాట వినగానే నాకు గుర్తొచ్చింది డబ్బు కాదు, నేను తొక్కిన కాలు.

పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగాను. "మీకు ఆ రోజే తెలుసా, దాని విలువ?"

"బాగుచేస్తే విలువ ఉంటుందని తెలుసు."

"ఆవిడకి తెలియదుగా?"

"చూడు, ఆవిడ దగ్గర మనం కొన్నది తుప్పు. విలువ మన చేతిమీద వచ్చింది. బంకమట్టి అమ్మినవాడికి బొమ్మ ధరలో వాటా ఇస్తామా?"

న్యాయంగానే ఉంది. బ్యాంకులో ఊరికే పనిచెయ్యలేదు. అయినా నాకు ఏదో మూల గుచ్చుకుంటూనే ఉంది. హైదరాబాదులో కాలేజీలో పాఠాలు చెప్పే మా అమ్మాయికి ఫోను చేశాను. అది, "అమ్మా, ఇది రెండు వేల ఏళ్ళనాటి ప్రశ్న" అంది. సిసిరో అనే రోమను పెద్దమనిషి క్రీ.పూ. 44లో తన కొడుకు కోసం రాసిన పుస్తకంలో ఉందట. రోడ్స్ దీవిలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియానుంచి ఓడలో ధాన్యం తెచ్చాడు. వెనకాలే ఇంకా ఓడలు వస్తున్నాయని వాడికి తెలుసు, ఊళ్ళోవాళ్ళకి తెలియదు. ఆ సంగతి చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? డయోజినీస్ అనే ఒక గురువు, అబద్ధమాడలేదు గదా, చాలు అన్నాడట. ఆయన శిష్యుడు ఆంటిపేటర్, చెప్పి తీరాలన్నాడట. సిసిరో శిష్యుడి పక్షమే. ఊరుకోవడం వేరు, నీ లాభం కోసం ఎదుటివాళ్ళని తెలియనితనంలో ఉంచడం వేరని ఆయన వాదమట.

"నేను నోరు మూసుకోవడమే కాదే, మీ నాన్న ముఖం కూడా మూయించాను" అన్నాను. అది ఫోనులో పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన భారతంలోనూ ఉన్నాడు, తులాధారుడు. తలలో పిట్టలు గూడు కట్టుకునేదాకా కదలకుండా తపస్సు చేసిన జాజలి కూడా ధర్మం తెలుసుకోవడానికి కాశీలో ఆ వర్తకుడి దగ్గరికే వెళ్ళాడు. తన త్రాసు అందరికీ సమమని చెప్పాడాయన. సరే, అమ్మేవాడి చేతిలో త్రాసుంది. కొనేవాళ్ళ చేతిలో ఏముంది? నాలుక. దానికి ముల్లు ఎక్కడుంటుంది? మీరే చెప్పండి, కూరలమ్మి దగ్గర రూపాయి తగ్గించినప్పుడు మనం ఎప్పుడయినా ముల్లు చూశామా? కూరలమ్మికి రేపు మళ్ళీ రావచ్చు, ధర పెంచుకోవచ్చు. మామ్మగారికి ఉన్నది ఒక్క కారు.

వారం రోజులు పోరితే మావారు దిగివచ్చారు. ఎంత ఇవ్వాలన్నది తేలలేదు. ఆరు లక్షలు చేతికొచ్చిన డబ్బు కాదు, గాలిలో మాట. ఆదివారాలకి కూలి ఎంత కట్టాలో ఇద్దరికీ తెలియదు. చివరికి యాభై వేలు కవరులో పెట్టుకుని ఫియట్టులోనే తెనాలి వెళ్ళాం.

మామ్మగారికి చూపు కాస్త మందగించింది. కారు శబ్దానికే బయటికి వచ్చారు. ఏమీ మాట్లాడకుండా బానెట్టు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. తను కాపురానికి వచ్చిన యేడు ప్లీడరుగారు కొన్నారట. లోపల కూర్చోబెట్టి మళ్ళీ కాఫీ ఇచ్చారు. మాటల్లో చెప్పారు, "ఆ యేడు మా మనవరాలి ఇంజనీరింగు ఫీజు నలభై వేలు కట్టాల్సివచ్చింది అమ్మాయ్. కారు డబ్బు పోను తక్కువ పడితే మీ బాబాయిగారి వెండి కంచం అమ్మేశాను. ఆ కొట్టువాడు ఎంత గీచి గీచి బేరమాడాడనుకున్నావు! మనిషి అవసరం వాళ్ళకెలా తెలుస్తుందో!"

నన్ను ఉద్దేశించి అన్నమాట కాదని ప్రమాణం చేసి చెప్పగలను. ఆవిడకి ఆనాటి నా మాటలేవీ గుర్తున్నట్టు లేదు. గ్లాసులో కాఫీ సగం నేను తాగలేకపోయాను.

మావారు కవరు తీసి సంగతంతా చెప్పారు, ఆరు లక్షలతో సహా. మామ్మగారు శ్రద్ధగా విన్నారు. కవరు ముట్టుకోలేదు. "ఆ రోజు తీసుకుని ఉంటే అది ధర బాబూ. ఇవాళ తీసుకుంటే దాన్ని ఏమంటారు?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే. మావారు ఏదో అనబోయి ఊరుకున్నారు. నాకూ మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

"ఎలాగూ వచ్చారు, బజారుదాకా తీసుకెళ్ళండి, మజ్జిగలోకి మిరపకాయలు కొనుక్కోవాలి" అన్నారావిడ. కారు దగ్గరికి వెళ్ళి, తడుముకోకుండా ముందు తలుపు వెనక్కి తెరిచి, పీట మీద కూర్చున్నట్టు కూర్చుని కాళ్ళు లోపల పెట్టుకున్నారు. అది నా చోటు. అన్నేళ్ళూ అది నా చోటనే అనుకుంటున్నాను. నేను మాట్లాడకుండా వెనక ఎక్కాను. వెనకనుంచి మా కారు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను.

అప్పటినుంచి నెలకోసారి తెనాలి వెళుతున్నాం. మామ్మగారిని ఎక్కించుకుని కాలవ వెంబడి దుగ్గిరాల దాకా వెళ్ళి వస్తాం. దీన్ని వాయిదాల మీద బాకీ తీర్చడం అంటుంది మా అమ్మాయి. షికారు అంటారు మావారు. ఇందులో మాకు సరదా కూడా ఉంది గనుక బాకీ ఎలా తీరుతుందని నా అనుమానం. కవరు బీరువాలో నా చీరల కింద అలాగే ఉంది.

పోయిన నెల ఎండ మండిపోతోంది. పసుపు వాసన వస్తోంది, దుగ్గిరాల దగ్గరపడ్డాం అనుకుంటుండగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మావారు దిగి బానెట్టు ఎత్తారు. నేను సంచీలో వెతుక్కుంటుంటే ముందు సీటులోంచి మామ్మగారు వెనక్కి తిరిగి, "పంపు మీద తడిగుడ్డ వెయ్యాలి అమ్మాయ్, మీ బాబాయిగారున్నప్పుడూ ఇంతే" అన్నారు.

నేను తుండుగుడ్డ తీసుకుని కాలవలోకి దిగాను.