ఉండిపోవడం ఎవరి కోసం?



ఒక ఆదివారం సాయంత్రం హిమాయత్ సాగర్ దగ్గర తెలిసినవారి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కుర్చీలు వేశారు. చెరువు మీది గాలి చల్లగా వస్తోంది. శంషాబాద్‌లో దిగవలసిన విమానాలు ఒకదాని వెనుక ఒకటి మా తలల మీదుగా పోతున్నాయి. 2008లో అక్కడ విమానాశ్రయం తెరిచినప్పటి నుండి ఈ చుట్టుపక్కల వారికి వీడ్కోళ్ళు అలవాటైపోయాయి. కన్నవాళ్ళను కన్నీళ్ళతో వదిలి వెళ్ళే పిల్లలను వారు రోజూ చూస్తూనే ఉంటారు.

ఆ ఇంటి ఆడపిల్ల దగ్గరి ఊళ్ళోని ఒక చిన్న బడిలో ఐదేళ్ళుగా లెక్కలు చెబుతోంది. నగరంలోని పెద్ద పాఠశాల వారు రెట్టింపు జీతానికి రమ్మన్నారు, అదీ వెంటనే. పదో తరగతి పరీక్షలకు ఇంకా మూడు నెలలుంది. ఈ సంగతి విన్న బడి యాజమాన్యం వారు, "ఇన్నాళ్ళు ఈ బడి ఉప్పు తిన్నావు, ఇప్పుడు వదిలిపెట్టి పోతావా?" అన్నారట. అప్పటికి రెండు నెలల జీతం ఇంకా చేతికి రాలేదు.

"జర మీరే చెప్పుండ్రి సార్, పిల్ల రాత్రుళ్ళు నిద్రపోతలేదు" అన్నది తల్లి. అమ్మాయి మాత్రం ఒక్క మాటే అడిగింది: "పోతే తప్పా సార్?"

నేను నోరు తెరవకముందే ఆమె తమ్ముడు అందుకున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడతాడు. "అక్కా, యానిస్‌ను చూడు. పెద్ద నగరాల జట్లన్నీ ఎదురుచూసినా మిల్వాకీని వదల్లేదు. తర్వాతి ఏడాదే కప్పు గెలిచిండు" అన్నాడు.

కుర్రవాడు చెప్పింది నిజమే. గ్రీసు దేశంలో నైజీరియా నుండి వలస వచ్చిన పేద కుటుంబంలో పుట్టిన యానిస్ ఆంటెటొకుంపో 2020 డిసెంబరులో, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌ల ముందు ఎంతో చిన్నదైన మిల్వాకీ నగరపు జట్టుతో మరో ఐదేళ్ళకు ఒప్పందం చేసుకున్నాడు. 2021 జూలైలో ఆ జట్టు ఛాంపియన్ అయింది. 1971 తరువాత ఆ నగరానికి అదే మొదటి విజయం. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఒప్పందం విలువ సుమారు 22 కోట్ల 80 లక్షల డాలర్లు. అమెరికా బాస్కెట్‌బాల్ నిబంధనల ప్రకారం పేరున్న ఆటగాడికి బయటి జట్ల కన్న సొంత జట్టే ఎక్కువ ఇవ్వగలదు. చిన్న ఊళ్ళకు కూడా మంచి ఆటగాళ్ళు దక్కాలనే అలా ఏర్పాటు చేశారు. అంటే యానిస్ ఉండిపోయి నష్టపోలేదు. అతని మనసు మంచిదే కావచ్చు, కాని ఆ పిల్లను నిద్రపోనివ్వని ప్రశ్న అతని ముందు లేదు. ఉండిపోతే పోగొట్టుకోవలసింది ఉన్నప్పుడే కదా ఈ ప్రశ్న మనిషిని కాల్చేది!

అందుకని నేను ఆ కుర్రవాడికి మన హైదరాబాద్ మనిషి సంగతే చెప్పాను.

వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆట చూడనివారు మనలో తక్కువ. తల్లిదండ్రులిద్దరూ విజయవాడలో వైద్యులు. తానూ వైద్యుడు కాదగిన చదువరే, అయినా ఆటను ఎంచుకున్నారు. 1999-2000 రంజీ పోటీల్లో హైదరాబాద్ తరఫున ఎనిమిది సెంచరీలతో 1415 పరుగులు చేశారు. సెమీ ఫైనల్‌లో కర్ణాటక మీద ఒక్కరే 353 కొట్టారు. ఫైనల్‌లో మాత్రం హైదరాబాద్ ముంబై చేతిలో ఓడిపోయింది. గెలిచే జట్టును వెదుక్కుంటూ ఆయన మరో రాష్ట్రానికి పోలేదు. రంజీలో చివరి వరకు హైదరాబాద్‌కే ఆడారు.

2008లో ఐపీఎల్ మొదలైంది. ఒక్కొక్క జట్టు ఆటగాళ్ళ మీద 50 లక్షల డాలర్లు మాత్రమే ఖర్చు పెట్టాలని నియమం. కొన్ని నగరాలకు ఆ ఊరి గొప్ప ఆటగాడిని 'ఐకాన్'గా నిర్ణయించారు. ముంబైకి సచిన్, బెంగళూరుకు ద్రావిడ్, కోల్‌కతాకు గంగూలీ. ఐకాన్ ఆటగాడికి, ఆ జట్టులో అందరికన్న ఎక్కువ ధర పలికినవాడి కన్న 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌లో ఆ గౌరవం లక్ష్మణ్‌ది. ఆయన దాన్ని వదులుకున్నారు. తన కోసం కేటాయించే సొమ్ము మిగిలితే జట్టుకు మరికొందరు మంచి ఆటగాళ్ళు వస్తారని ఆయన ఆలోచన. ఆ వేలంలో డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు కొన్నది. ఐకాన్‌గా ఉండి ఉంటే లక్ష్మణ్‌కు అంతకన్న ఎక్కువే వచ్చేది. ఆయన తీసుకున్నది నాలుగు లక్షల డాలర్ల లోపే.

మరి ఆ త్యాగానికి ఫలితం ఏమిటి? కథల్లోనైతే ఆ జట్టే గెలవాలి. కాని 2008లో లక్ష్మణ్ నాయకత్వంలో మొదలుపెట్టిన ఆ జట్టు 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. 2009లో కప్పు గెలిచింది, కాని అప్పటికి నాయకుడు గిల్‌క్రిస్ట్. 2011లో ఆటగాళ్ళను మళ్ళీ వేలం వేసినప్పుడు లక్ష్మణ్ హైదరాబాద్‌కు కాక కొచ్చి జట్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2012లో డెక్కన్ ఛార్జర్స్ జట్టే రద్దయింది. ఆయన ఎవరి కోసం వదులుకున్నారో ఆ జట్టు ఆయనను ఉంచుకోలేదు, చివరికి తానూ నిలవలేదు.

"అయితే లాస్ అయినట్టే కదా సార్?" అన్నాడు కుర్రవాడు.

లెక్కల పుస్తకంలో అయితే నష్టమే. కాని ఆలోచించండి. లక్ష్మణ్‌ను ఎవరూ బలవంతపెట్టలేదు. "నీకు పేరు తెచ్చింది ఈ ఊరే" అని ఎవరూ దెప్పలేదు. తన వాటా తగ్గితే ఎవరికి మేలు కలుగుతుందో ఆయనకు స్పష్టంగా తెలుసు. తెలిసి, ఇష్టపడి ఇచ్చారు. బదులుగా ఏదో రావాలనే షరతు పెట్టలేదు గనుక, ఏదీ రాకపోయినా ఆ పని విలువ తగ్గలేదు. ఇచ్చినవాడు లెక్క అడగకపోవడం గొప్పతనం. పుచ్చుకున్నవాడు లెక్క మరిచిపోవడం మాత్రం గొప్పతనం కాదు. వ్యాపారంలో అది తప్పనిపించకపోవచ్చు, మనుషుల మధ్య మాత్రం అప్పుగానే మిగులుతుంది. వారి జట్టు పోయిన తరువాత వచ్చిన సన్‌రైజర్స్‌కు 2013లో లక్ష్మణ్ మార్గదర్శకుడిగా చేరారు. ఊరితో ఆయన సంబంధం జట్టు యజమానుల మీద ఆధారపడినది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక వెళ్ళిపోయినవారి మాట. వారందరూ కృతఘ్నులేనా?

మన పెద్దలకు తెలిసిన కథ ఒకటుంది. 1950లలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. డబ్బూ, జనమూ, పేరూ అక్కడే. అలాంటి రోజుల్లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును ఇక్కడికి తెచ్చారు. ఆ ఆటగాళ్ళు ఊరికే ఉండిపోలేదు. పోలీసు శాఖ వారికి ఉద్యోగాలిచ్చింది. ఆట ఆగిపోయినా అన్నం ఆగదన్న ధైర్యం ఇచ్చింది. ఉండమన్నవారు ఉండడానికి దారి చూపారు.

అదే రహీం సాహెబ్ శిష్యుడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద ఇంట పుట్టినవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన మన జట్టులో ఆడారు. 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. మళ్ళీ ఇక్కడ స్థిరపడలేదు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసే వరకు బెంగాలే ఆయన ఇల్లు. ఆయనను ద్రోహి అని అనగలమా? ఆకలి తెలిసిన ఇంటి కుర్రవాడు తన కాళ్ళలోని విద్యతో తన బతుకు నిలబెట్టుకుంటే ఎవరిది తప్పు?

1962లో జకార్తాలో భారతదేశం దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. అప్పటికే రహీం సాహెబ్‌ను కాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు. హైదరాబాద్‌ను వదలని గురువుకూ, వదిలి వెళ్ళిన శిష్యుడికీ కలిపి దక్కిన విజయం అది. ఉన్నవారిని మంచివారనీ, వెళ్ళినవారిని చెడ్డవారనీ రెండు వరుసలుగా నిలబెట్టడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

కనుక ప్రశ్న ఉండాలా, పోవాలా అన్నది కాదు. నేను ఉంటే ఎవరికి మేలు, నేను పోతే ఎవరికి కీడు? ఈ నిర్ణయం నాదేనా, నా మెడ మీద ఎవరైనా కత్తి పెట్టారా? నన్ను ఉండమంటున్నవారు తామేమి వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారు? ఈ మూడు అడుగుకుంటే దారి చాలావరకు కనబడుతుంది.

సంస్థలు నడిపే పెద్దలకు ఒక మాట మనవి చేయాలి. బడి గాని, ఆసుపత్రి గాని, సంఘం గాని, సేవ అనే మంచి మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడుకోకూడదు. "ఉప్పు తిన్నావు" అనేవారు ముందు ఆ ఉప్పుకు డబ్బు చెల్లించామా అని చూసుకోవాలి. ఆమె ఐదేళ్ళు చాకిరీ చేసింది గనుక నిజానికి ఆ బడే ఆమె ఉప్పు తిన్నది. విశ్వాసం అనేది జీతగాళ్ళకు మాత్రమే ఉండవలసిన గుణం కాదు. నిలకడ కోరేవారు ముందు తాము మాట మీద నిలబడాలి.

ఇదంతా విని ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "యాజమాన్యానికి నేనేం బాకీ లేను సార్. కాని ఆ ముప్పై మంది పిల్లలకు మాత్రం బాకీనే" అన్నది. పరీక్షలు అయ్యేదాకా ఆగగలరేమో కొత్త పాఠశాల వారిని అడుగుతానన్నది. ఆగమంటే ఏప్రిల్‌లో చేరుతుంది. ఆగమని అంటే ఏం చేస్తావని నేను అడగలేదు. అది ఆమె జీవితం. ఆమె ఏది నిర్ణయించుకున్నా ఆమెను తక్కువగా చూసే అధికారం నాకు లేదు.

చీకటి పడుతుంటే కట్ట దాకా నడిచాము. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత, మళ్ళీ అలాంటి ఆపద రాకూడదని, తాగునీటికి కూడా పనికివస్తుందని ఈసీ నది మీద కట్టి 1927లో పూర్తిచేసిన జలాశయం ఇది. నీళ్ళు నిలపడానికే కట్టారు. అయినా కట్టినవారు గేట్లు పెట్టడం మరువలేదు. నిండిన నీటిని వదలడం తెలియని కట్ట తానూ తెగిపోతుంది, కింది ఊళ్ళనూ ముంచుతుంది.

ఇంటికి తిరిగి వస్తుంటే ఆ పిల్ల సంచిలో నుండి పరీక్ష పేపర్ల కట్ట తీసింది. రేపటికి దిద్ది ఇవ్వాలట.