రెండు టిక్కెట్లు

ధ్యానభాగము: లూకా 1:5–7, 1 సమూయేలు 1:1–18



మాకు వివాహమై 22 సంవత్సరములైనది. దేవుడు మాకు సంతానము ననుగ్రహింపలేదు. ఈ సంగతి సంఘమంతటికిని తెలిసినదే గనుక దాచవలసిన పని లేదు. గత మాసములో మా పెండ్లి దినమున మేమిద్దరము రామోజీ ఫిల్మ్ సిటీ చూచుటకు వెళ్లితిమి. "పిల్లలు లేనివారికి అక్కడ ఏమి పని?" అని ఒకరిద్దరు నవ్విరి. ఆ దినమున ప్రభువు మాకు నేర్పిన పాఠమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ స్థలము విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిలో, హయత్‌నగర్‌కు ఇవతల ఉన్నది. 1996లో రామోజీరావు గారు దానిని నెలకొల్పిరి. ఆయన 2024లో కన్నుమూసిరి. 1,666 ఎకరముల ఆ ఆవరణము లోకములోకెల్ల పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్ పుస్తకమున కెక్కినది. ఆ దారి మాకు క్రొత్తది కాదు. 9 సంవత్సరములు ఆ దారినే పట్నపు ఆసుపత్రికి తిరిగితిమి. బస్సు ఆ ద్వారము దాటునప్పుడెల్ల మా ఆవిడ కిటికీలోనుండి అటు చూచుచుండెడిది. ఆసుపత్రికి గాక మరియొక పనిమీద ఆ దారిని పోవుట మాకు అదే మొదటిసారి.

టిక్కెట్లు ఇచ్చుచోట "పెద్దలెంతమంది, పిల్లలెంతమంది?" అని అడిగిరి. "ఇద్దరమేనండి" అన్నది మా ఆవిడ. ఊళ్లో ఆ మాట వెంట వచ్చు నిట్టూర్పు అక్కడ రాలేదు. రెండు టిక్కెట్లు చేతిలో పెట్టిరి, అంతే. ఆ చిన్న సంగతి మా ప్రాణమునకు ఎంత హాయినిచ్చెనో చెప్పలేము.

బస్సులో త్రిప్పి సినిమా కట్టడములు చూపించిరి. విమానము దిగని విమానాశ్రయము, ప్రయాణికులెవరును ఊరికి పోని రైలు స్టేషను, పరదేశపు వీధులు చూచితిమి. కొన్ని ఇండ్లకు ముందు గోడయే గాని లోపల గది లేదు. మా ఆవిడ మెల్లగా, "ఏమండీ, మన ఇల్లు కూడ ఇట్లాంటిదే అనుకుంటారు గదా ఊళ్లో, పైకి సున్నం, లోపల ఎవరూ లేరని" అన్నది. మాకు జవాబు తోచలేదు.

మధ్యాహ్నము భోజనము చేసి నీడను కూర్చుంటిమి. అప్పుడు ఎల్కానా జ్ఞాపకమునకు వచ్చెను. అతడు హన్నాను నిజముగా ప్రేమించెను. అయినను ఆమె ఏడ్చినప్పుడు వరుసగా నాలుగు ప్రశ్నలు వేసెను; పదిమంది కుమారులకంటె నేను నీకు మేలు కానా యనునది కడపటిది. హన్నా ఏమి చెప్పెనో వాక్యములో వ్రాయబడలేదు. మేమును ఇన్ని ఏండ్లు ఓదార్చితిమే గాని వినలేదు. కనుక ఆ దినమున ఏమియు చెప్పక, "నీ మనసులో ఉన్నది చెప్పు" అని మాత్రమే అడిగితిమి.

"ఆసుపత్రినుంచి వచ్చేటప్పుడు కిటికీవైపు తిరిగి కూర్చునేది ఏమీ చూడడానికి కాదండీ. నా కన్నీళ్లు మీకు కనపడకూడదని" అన్నది. ఆ బస్సులో మేము కండ్లు మూసికొని నిద్రపోయినట్టు నటించినది కూడ అందుకేనని అప్పుడు ఒప్పుకొంటిమి. 9 ఏండ్లు ఒకే సీటులో ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకే దుఃఖమును ఒకరికొకరము దాచుకొంటిమి! జనము తిరుగుచున్న ఆ చోటనే చేయి చేయి పట్టుకొని ప్రార్థించితిమి. తరువాత ఆమె పిల్లల నడుమ రంగులరాట్నమెక్కి చిన్నదానివలె నవ్వెను.

ప్రియులారా, లూకా సువార్తలో వచనముల వరుసను గమనించుడి. జెకర్యా ఎలీసబెతులు దేవుని దృష్టికి నీతిమంతులని 6వ వచనము చెప్పును. వారికి పిల్లలు లేరన్నది 7వ వచనము. దేవుడు మొదట చూచినది వారి నడతను. మనమో, 7వ వచనము చదివి 6వ దానిని మరచిపోదుము. గొడ్రాలితనము పాపఫలమను మాటకు ఆ ఒక్క వరుసయే జవాబు.

ప్రార్థించిన ప్రతివారికి సమూయేలు పుట్టునని మేము చెప్పము. వాక్యము అట్లు చెప్పుటలేదు. అకుల ప్రిస్కిల్లలను చూడుడి. క్రొత్త నిబంధనలో వారి పేరులు ఆరుమారులు వచ్చును, ఆరుమారులును జంటగానే. వారికి పిల్లలున్నట్టు ఎక్కడను లేదు. అయినను వారి ఇంట సంఘము కూడెను, అపొల్లో దేవుని మార్గమును మరింత పూర్తిగా నేర్చుకొనెను. అది వట్టి గోడ గల ఇల్లు కాదు. ఆదికాండము 2వ అధ్యాయమున దేవుడు స్త్రీపురుషులను ఏకశరీరముగా చేసిననాటికి బిడ్డ ఇంకను పుట్టలేదు. ఆ కుటుంబము అప్పటికే కుటుంబము.

కాబట్టి తల్లులారా, "ఇంకా విశేషమేమీ లేదా?" అని గుడి గుమ్మములో ఎవరిని అడుగకుడి. ఉయ్యాల వేడుకలో అట్టి సహోదరిని వెనుకకు నెట్టక, బిడ్డను ఆమె చేతికిచ్చి ప్రార్థింపుమనుడి. పిల్లలు గల దంపతులారా, మీరును ఒక దినము ఇద్దరే కూర్చుండి మాటలాడుకొనుడి. పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోవుదురు; మిగులువారు మీరిద్దరే.

తిరిగి వచ్చునప్పుడు చీకటి పడెను. మా ఆవిడ కిటికీ ప్రక్కనే కూర్చుండెను గాని, ముఖము ఇటు త్రిప్పి ఊరు వచ్చువరకు మాటలాడుచునే యుండెను. మేమును నిద్రపోలేదు.

మన ఇండ్లను ముందు గోడవలన గాక లోపలి ప్రేమవలన ఎరిగిన ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.