‘లేదు’ అన్న మాట విలువ

కోల్‌కతా రాయి లేని నగరం. గంగానది యుగయుగాలుగా తెచ్చి పోసిన మెత్తని ఒండ్రుమీద అది నిలిచి ఉన్నది. అయినను భారతదేశపు రాళ్లను, ఖనిజాలను వెదకే జియొలాజికల్ సర్వే 1851లో ఆ నగరంలోనే వెలసింది. దాని కేంద్ర కార్యాలయం నేటికీ అక్కడనే ఉన్నది.

అంతకు ముందే, 1835లో, అక్కడి ఫోర్టు విలియం కోటలో మంచినీటికోసం బోరు వేయనారంభించారు. అయిదేళ్లు శ్రమించి 481 అడుగుల లోతుకు దిగారు. రాయి తగలలేదు, కోరిన నీరూ లభించలేదు. 1840లో పని ఆగిపోయింది. లౌకికదృష్టికి అది వ్యర్థప్రయాస. కాని ఏ లోతున ఏది దొరికినదీ వ్రాసి ఉంచారు: కుళ్లిన చెట్టుచేమల పొరలు, ఒక జంతువు ఎముక, తాబేటి చిప్ప తునకలు. అంత లోతున ఉన్న ఆ పొరలు ఒకప్పుడు చెట్లు మొలిచిన నేల అనీ, ఆ ప్రదేశం క్రమంగా క్రుంగినదనీ ఛార్లెస్ లయల్ ఆ వివరాలనుండి గ్రహించాడు. నీరు దొరకని గొయ్యి జ్ఞానాన్ని ఇచ్చింది.

ఖనిజాన్వేషణ అంతా ఇట్టి సాక్ష్యం మీదనే ఆధారపడి ఉన్నది. సమదూరాలలో చిన్న గుంటలు తవ్వి, పైమట్టి తొలగించి, క్రిందిపొరనుండి కొద్దిపాటి మన్ను సంచిలోకి ఎత్తుతారు. ఎండబెట్టి, జల్లించి పరీక్షిస్తారు. పదిలక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్లు రాగి అధికంగా కనిపిస్తే చాలు, ఆశ చిగురిస్తుంది. అయితే మన్ను పలికేది పరోక్షసాక్ష్యం. వాననీరు లోహాన్ని వాలు వెంట దిగువకు జార్చి ఉండవచ్చు. అందుకే రాయి బయటపడేవరకు కందకం తవ్వుతారు. అక్కడ ఊహ తల వంచవలసిందే.

కందకం వట్టిదైతే? పెట్టుబడి పెట్టినవారు ఎదురుచూస్తుంటారు. పని దొరుకుతుందని ఊరు ఆశపడుతుంది. నోటితో అబద్ధమాడనక్కరలేదు, సంచిమీది గుర్తు మార్చితే చాలు. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో రాతినమూనాల పొడిలో బంగారు రజను కలిపిన మోసం 1997లో బయటపడింది. తవ్వదగిన బంగారం అక్కడ లేనే లేదు. నమ్మి వాటాలు కొన్నవారు నష్టపోయారు.

ఆశ లేనిదే అన్వేషణ లేదని కొందరు వాదించవచ్చు. నిజమే. కాని ఎక్కడ తవ్వవలెనో చెప్పడమే ఆశకు గల అధికారం; ఏమి దొరికినదో చెప్పే అధికారం దానికి లేదు. పరీక్షకు పంపే సంచులలో, లోహం లేదని ముందే తెలిసిన మన్నును కూడ గుట్టుగా చేర్చడం ఈ వృత్తిలో ఆచారం. దానిలోనూ లోహం కనిపించెనా, ఆ పరీక్షనే నమ్మరాదు. ఆ విధంగా ‘లేదు’ అన్న మాటయే ‘ఉన్నది’ అన్న మాటకు గీటురాయి అవుతున్నది.

వట్టి కందకాన్ని పూడ్చి, పొలాన్ని రైతుకు అప్పగించవలెను. పూడ్చరానిది ఆ కందకాన్ని గూర్చిన వ్రాత ఒక్కటే. అది నిజమై నిలిచినన్నాళ్లు, అదే పొలాన్ని అదే ఆశతో మరల ఎవరూ తవ్వనవసరం ఉండదు.