ఆ ఏడుపు ముందుగా విన్నది ఎవరు?

ఈ వారం వీడియోలో సీతమ్మ వాల్మీకి ఆశ్రమానికి చేరిన ఘట్టం చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక వదిలేసిన ఒక్క మాట ఇక్కడ రాస్తున్నాను.

లక్ష్మణుడు గంగ ఒడ్డున వదిలి వెళ్లాక, నిండు గర్భిణి ఒంటరిగా ఏడుస్తోంది. ఆ ఏడుపు ముందుగా విన్నది మునిబాలకులు. "ఎవరింటి గొడవో, మనకెందుకు" అనుకోలేదు. పరుగున వెళ్లి వాల్మీకికి చెప్పారు. ఆయన అర్ఘ్యం పట్టుకుని తానే నడిచి వచ్చాడు. "ఏం చేశావమ్మా?" అని అడగలేదు. నువ్వు ఏ పాపం ఎరుగవని నాకు తెలుసు, రా తల్లీ అన్నాడు. ఆశ్రమంలోని తాపసస్త్రీలకు అప్పగించాడు. రాముడి నిర్ణయం గురించి మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఆ పూట ఆ తల్లికి కావలసింది వాదన కాదు, నీడ.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. కొన్నేళ్ల క్రితం మా ఫ్లాట్‌లో శుక్రవారం లలితా పారాయణం జరుగుతోంది. పై ఫ్లోర్ నుంచి ఒకమ్మాయి అరుపులు. నేను లేచి స్పీకర్ సౌండ్ పెంచాను. తర్వాత ఎప్పుడో లిఫ్ట్‌లో ఆ అమ్మాయే అంది: "మీ పారాయణం నాకూ వినపడేది అక్కా." అంతే అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడ మొదలైంది మా గది. సత్సంగంలో ఆరుగురం కలిసి గుడి వెనక ఖాళీ గది అడిగి తీసుకున్నాం. వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లు, ఆ తర్వాత వినడం. మొదట్లో మాలో ఒక పెద్దావిడ ప్రేమగానే "కాస్త సర్దుకుపోమ్మా" అంది. ఆ వచ్చినామె మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఆ మాట మా గదిలో నిషేధం.

మేం లాయర్లం కాదు. తెలిసింది చెప్తాం, తోడు వెళ్తాం. 2005 గృహహింస చట్టం ప్రకారం కొట్టడమే కాదు, అవమానించడం, డబ్బు అందకుండా చేయడం కూడా హింసే. ఇల్లు భర్త పేరున ఉన్నా ఆమెకి అందులో ఉండే హక్కుంది. 181కి ఫోన్ చేయొచ్చు. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి, కొద్ది రోజులు తలదాచుకోవచ్చు కూడా. వెళ్లాలా వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయమే.

మీరందరూ గది తెరవక్కర్లేదు. గోడ అవతల ఏడుపు వినపడితే సౌండ్ తగ్గించండి. ఇద్దరు కలిసి వెళ్లి బెల్ కొట్టండి. ప్రమాదం అనిపిస్తే 112కి చెప్పండి. తర్వాత ఆమె ఒంటరిగా కనపడినప్పుడు "నేనున్నాను" అనండి.

ఆ మునిబాలకులు చేసింది అంతే. విన్నారు, పరుగెత్తారు. లవకుశులు పుట్టడానికి ఒక చోటు దొరికింది.

జై సీతారామ్.